గురువారాలు తిరగని మీటరు

"ఈ మీటరు నిజం చెప్పడం లేదమ్మా," అన్నాడు దర్సోనో పెద్దాయన, బండి పక్కన గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

వాన వెలిసి గంటైనా పెంకుల చూరు ఇంకా కారుతోంది. టీ గ్లాసుల పళ్లెంతో గడప దాటబోతున్న పార్తిని అక్కడే నిలబడిపోయింది.

"ఏమన్నారు పెద్దయ్యా?"

"పద్నాలుగు వేల రెండొందలు చూపిస్తోంది. ఈ బండి నలభై వేల కిలోమీటర్లకి తక్కువ తిరగలేదు. ఎక్కువే తిరిగుంటుంది గాని, నోరు జారి ఎక్కువ చెప్పడం నాకలవాటు లేదు."

సువార్ని పార్తిని మొహంలోకి చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఆ చూపు తిప్పుకోవడమే పార్తినికి గుచ్చుకుంది. కూదుస్ పట్నంలో లవంగాల సిగరెట్లు చుట్టే ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకటే బల్ల. ముప్పై ఏళ్లుగా పార్తిని చుడుతుంది, సువార్ని కత్తెరతో కొసలు కత్తిరిస్తుంది. ఒకరి చెయ్యి ఆగితే రెండోవారి చెయ్యి ఆగుతుంది. ఆ సువార్ని కూతురు లిస్త్యకి మురియా కొండ మీది ఊళ్లో కాన్పులు చేసే నర్సుగా ఉద్యోగం వచ్చింది. ఎక్కడానికీ దిగడానికీ బండి కావాలి. పార్తిని భర్త త్రియోనో ఎలాగూ బండి అమ్మేద్దామంటున్నాడు కదా అని, "మా ఇంట్లో ఉండగా బయటెందుకు?" అని పార్తినే నోరారా పిలిచింది. సువార్ని దర్సోనోని వెంటబెట్టుకు రావడం కూడా అనుమానంతో కాదు. ఆ చుట్టుపక్కల ఎవరు పాత బండి కొన్నా ముందు ఆయన చెయ్యి పడాల్సిందే, పెళ్లికి మంచిరోజు అడిగినట్టు.

"మా బండి ఎక్కడ తిరుగుతుంది పెద్దయ్యా," అంది పార్తిని, నవ్వు తెచ్చుకుంటూ. "మా ఆయన క్షవరం దుకాణం బస్టాండు పక్కన. రెండు కిలోమీటర్లు. పొద్దున పోవడం, సాయంత్రం రావడం. రెండు వారాలకోసారి గురువారం నాడు చేపలకి వెళ్లేవారు, వానలు పట్టాక అదీ మానేశారు. ఆ చెరువూ ఊరవతలే. ఆరేళ్లకి పద్నాలుగు వేలంటే అదే ఎక్కువ."

"చేపల కోసం సముద్రం దాకా పోయేవాడేమో," అంది ఎదురింటి కస్మీ తన గుమ్మంలోంచి.

ఎవరూ నవ్వలేదు.

త్రియోనో చూరు కింద స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఎదుటివాడి తల చేతికి దొరికితే గంటల తరబడి కబుర్లు చెప్పగల మనిషి. ఇప్పుడు తన గోళ్లు చూసుకుంటున్నాడు.

"మీరైనా చెప్పండి పెద్దయ్యకి," అంది పార్తిని.

"ఆయన చూస్తున్నాడుగా. చూడనీ."

దర్సోనో లిస్త్యని పిలిచాడు. "ఇలా రా అమ్మడూ. ఎక్కేది నువ్వు, నువ్వే చూడు. అంకెలు చూసి ఎవరూ బండి కొనకూడదు. కాళ్లూ చేతులూ ఆనే చోట్లు చూడాలి. ఇదిగో, పాదం పెట్టే రబ్బరు. గీతలేమైనా మిగిలాయా?"

"లేవు తాతా. నున్నగా ఉంది."

"బ్రేకు పళ్లెం అంచు మీద గోరు పెట్టు. గట్టులా తగులుతోందా? మధ్యలో అరిగిపోయి అంచు మిగిలింది. పద్నాలుగు వేలకి గట్టు లేవదు. చైను చూడు, బిగించి బిగించి ఆఖరి గీత దాకా తెచ్చారు. పళ్లచక్రం పళ్లు చేపగాలాల్లా వంగాయి. టైరు మీద నాలుగంకెలు చదువు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ తయారైన సంవత్సరం."

లిస్త్య వంగి చదివింది. "కిందటేడుది తాతా."

"బండికి ఆరేళ్లు. టైరుకి ఏడాది. అదీ సగం అరిగింది. ఊళ్లో క్షవరం దుకాణానికి వెళ్లొచ్చే బండికి ఇన్ని టైర్లు ఎందుకు?"

"రోడ్లు బాలేవు," అంది పార్తిని. "వరదొచ్చినప్పుడు రెండ్రోజులు నీళ్లలో ఉంది. ఎండలో పెడతారు, వానలో పెడతారు. అరక్కేం చేస్తుంది? మా ఆయన గట్టిగా తొక్కుతారు బ్రేకు." అంటూనే తన గొంతు పెరిగిపోతోందని ఆమెకే తెలుస్తోంది. "అయితే మేం మోసం చేస్తున్నామంటారు. అంతేగా?"

"నేనా మాట అనలేదు."

"ఇంకెలా అంటారు ఆ మాట?"

దర్సోనో చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కోపం రాలేదు ఆయనకి. వచ్చి ఉంటే బాగుండుననిపించింది పార్తినికి.

"మోసమే అయితే ఇంతసేపు తడిమేవాణ్ణి కాదమ్మా. అమ్మేవాడు మీటరు వెనక్కి తిప్పుతాడు. ఒక్కసారే తిప్పుతాడు. అప్పుడు అంకెలు వంకరగా కూర్చుంటాయి, మీటరు డబ్బా మరలకి గీతలు పడతాయి. ఇక్కడ అవేం లేవు. అంకెలు బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. వెనక్కి ఎవరూ తిప్పలేదు." ముందు చక్రం దగ్గరికి జరిగాడు. "ఇది చూడండి. చక్రం నుంచి మీటరుకి కేబులు పోయేది ఇక్కణ్ణుంచి. చుట్టూ తుప్పు, బురద. ఈ నట్టు ఒక్కటే మెరుస్తోంది. అంచులు పోయి గుండ్రమైపోయింది. దీన్ని విప్పితే బండి నడుస్తుంది, మీటరు నడవదు. దీన్ని వందసార్లు విప్పి బిగించారు. అమ్ముకోవాలనుకున్నవాడు ఇన్నేళ్లు, ఇన్నిసార్లు విప్పడు. నలభై ఏళ్ల నుంచి బండ్లు చూస్తున్నాను. ఇలాంటిది చూడలేదు."

అని ఆయన త్రియోనో వైపు చూశాడు. అందరూ చూశారు.

త్రియోనో తల ఎత్తలేదు.

"పద లిస్త్యా," అంది సువార్ని.

"టీ తాగి వెళ్లండి," అంది పార్తిని. పళ్లెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"చల్లారిపోయి ఉంటుందిలే." సువార్ని చెప్పులు వేసుకుంది. గేటు దాకా వెళ్లి ఆగింది. "కొండ దారిలో ఎక్కేది నా పిల్ల, పార్తినీ. బాగా తిరిగిన బండే అని ఒక్క మాట చెప్పినా, నీ మొహం చూసి కొనేదాన్ని."

*

గ్లాసుల్లో టీ ఎవరూ ముట్టలేదు. పార్తిని ఒక్కొక్కటే పారబోసి కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

త్రియోనో వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చున్నాడు. బయటికి పోలేదు, లోపలికి రాలేదు.

"మూడున్నరేళ్ల కిందట," అంది పార్తిని, అతని వైపు తిరక్కుండా, "నేనొక రోజు వాకిలి ఊడుస్తూ మీటరు చూశాను. ముందు రోజు కన్నా మూడొందలు ఎక్కువుంది. దుకాణంలోనే ఉన్నానని మీరు చెప్పారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఆ రోజు మీకేం చెప్పాను?"

అతను వాకిట్లోని బండి వైపు చూశాడు.

"చెప్పండి. ఏం చెప్పాను?"

"ఇంకోసారి వాడి దగ్గరికెళ్తే, తిరిగొచ్చేసరికి నువ్వీ ఇంట్లో ఉండనన్నావు."

వాడు అంటే గలీహ్. వాళ్లకున్న ఒక్క కొడుకు. ఇరవై ఏళ్లప్పుడు, ఫ్యాక్టరీ జీతాల రోజు మునిమాపు వేళ, స్నేహితుడు బండి నడుపుతుంటే వెనక కూర్చుని ఒక ముసలామె సంచీ లాగాడు. ఆమె సంచీ వదల్లేదు. వాళ్లూ బండి ఆపలేదు. మూడో రోజున ఆసుపత్రిలో పోయింది.

ఆ ముసలామె సుమీర్ అవ్వ. పదహారేళ్ల పార్తిని ఫ్యాక్టరీలో చేరిన రోజున వెనక నిలబడి, ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, పొగాకు ఎంత తియ్యాలో, కాగితం ఎక్కడ మడవాలో నేర్పిన మనిషి. పార్తినికీ సువార్నికీ ఇద్దరికీ ఆవిడే నేర్పింది. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్లలో పార్తిని కూడా ఉంది. చేయించి ఇంటికొచ్చేసరికి వాకిట్లో పోలీసులున్నారు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో గలీహ్ పేరు ఎవరూ ఎత్తలేదు. వాడి చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది. గోడ మీది ఫొటో తీసేసింది. మొగుణ్ణి పెళ్లైన కొత్తలోలా మళ్లీ 'ఏమండీ' అని పిలవడం మొదలుపెట్టింది.

"అందుకని నట్టు విప్పారు," అంది.

"ఊ."

"ప్రతిసారీ."

"ఇక్కణ్ణుంచి చెరువు గట్టు దాకా మీటరు తిరగనిచ్చేవాణ్ణి. అక్కడ ఆపి విప్పేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అక్కడే బిగించేవాణ్ణి. పెకలోంగాన్ జైలు నూటయాభై కిలోమీటర్లు. తెల్లారుజామున బయల్దేరితే పదింటికి చేరేవాణ్ణి."

"గాలం, బుట్ట?"

"చెరువు కాపలావాడి గుడిసెలో పెట్టేవాణ్ణి."

"చేపలు?"

"దెమాక్ సంతలో కొనేవాణ్ణి."

పార్తిని చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టింది. "మూడున్నరేళ్లు నా చేత సంతచేపలు తోమించారు. 'ఈసారి పెద్దది పడింది, చాలాసేపు గుంజుకుంది' అని చెప్పేవారు. నేను నమ్మి కస్మీ ఇంటికి కూడా పంపాను. మా ఆయన పట్టాడని చెప్పి పంపాను."

"తప్పే."

"తప్పే అని అంత తేలిగ్గా అనకండి."

"ఇంకెలా అనమంటావు? తేలిగ్గా చేసింది కాదది. వానలో వెళ్లాను. జ్వరంతో వెళ్లాను. ఒకసారి సెమరాంగ్ దాటాక లారీ పక్కన పడ్డాను. మోకాలు చీరుకుంటే చెరువు గట్టు జారిందని నీకు చెప్పాను. నువ్వు పసుపు పెట్టావు."

బయట కస్మీ ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతోంది. పార్తిని కిటికీ రెక్క మూసింది. మూసి, అక్కడే నిలబడింది. ఏదో లెక్క కుదరక ఆలోచిస్తున్నట్టు ఆమె నుదురు ముడిపడింది.

"నేను కట్టిచ్చిన అన్నం?"

త్రియోనో రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"చేపలకి వెళ్తున్నారని తెల్లారుజామునే లేచి కట్టిచ్చేదాన్ని. టేకాకులో. అది మీరు తినలేదా?"

"వాడే తినేవాడు."

ఆమె కిటికీ దగ్గర్నుంచి అతని వైపు తిరిగింది.

"జైలువాళ్లు విప్పి చూసి లోపలికి పంపేవాళ్లు. వాడు ఆకు విప్పగానే తినేవాడు కాదు. కాసేపు వాసన చూసేవాడు. ఒకసారి కారం తక్కువైంది నాన్నా అన్నాడు. అమ్మకి ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఆ వారం నీకు జ్వరం."

"ఆపండి."

"నువ్వడిగావు గనక—"

"ఆపమన్నాను." ఆమె తన చేతులు ముందుకు చాపి వాటిని చూసుకుంది. చూపుడువేళ్ల కొసలు పొగాకుతో పసుపెక్కిపోయి ఉన్నాయి. "ఈ చేతులతోనే అవ్వకి నీళ్లు పోశాను. వీపు మీద చర్మం లేదావిడకి. రోడ్డు మీద ఈడ్చుకుపోయినంత మేరా లేదు. ఆ చేతులతో కట్టిన అన్నం, ఆవిణ్ణి ఈడ్చినవాడికి తినిపించారా? నన్నడక్కుండా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

పక్కింట్లో ఎవరో సోయాగింజలతో చేసిన తెంపే బిళ్లలు వేయిస్తున్న నూనె చిటపట ఈ ఇంట్లోకి వినిపిస్తోంది.

"చేపలకి మానేశాక కూడా అక్కడికి వెళ్తున్నారా?"

"లేదు. మానేశాను."

"ఎప్పట్నుంచి?"

"వానలు పట్టకముందు నుంచి."

"ఎందుకు?"

త్రియోనో లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. పార్తిని మొహం చూసి, మూసుకున్నాడు. చెప్పులు వెతుక్కుని వాకిట్లోకి వెళ్లిపోయాడు.

మోకాలి నొప్పనుకుంది ఆమె. వయసనుకుంది. ఓపిక అయిపోయుంటుంది, అందుకే బండి అమ్మేద్దామన్నాడు అనుకుంది. ఇంకో మాట అడగడానికి అప్పుడామెలో కోపం తప్ప మరేం మిగల్లేదు.

*

సోమవారం పొద్దున బల్ల దగ్గర సువార్ని ముందే వచ్చి కూర్చుంది. కత్తెర తుడుస్తోంది.

"తిన్నావా?" అంది పార్తిని, రోజూ అడిగినట్టే.

"తిన్నాను."

అంతే. పార్తిని చుట్టింది, సువార్ని కత్తిరించింది. హాలు నిండా వందల మంది ఆడవాళ్లు, లవంగాల ఘాటు, సిగరెట్లు చుట్టే చెక్కమరల టకటక. పక్క బల్లల వాళ్లు పాటలూ పరాచికాలూ. వీళ్ల బల్ల దగ్గర కత్తెర చప్పుడొకటే. మామూలుగా పార్తిని చుట్ట కొంచెం వదులైతే సువార్ని వేలితో తట్టి వెనక్కి తోసేది, "నీ మనసెక్కడుంది?" అని దెప్పేది. ఇవాళ వదులైనవాటిని మాట్లాడకుండా పక్కన పెడుతోంది. మధ్యాహ్నానికి అదొక చిన్న గుట్ట అయింది.

తిండి గంట కొట్టారు. సువార్ని లేవబోయింది.

"కూర్చో," అంది పార్తిని. "మేం నిన్ను మోసం చెయ్యలేదు."

"బండి సంగతి ఒదిలెయ్. నేను మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోలేదు. ముప్పై ఏళ్లలో నాతో మాట్లాడకుండా నువ్వు పని చెయ్యడం ఇవాళే." పార్తిని గొంతు తగ్గించింది. "మీటరు ఆపింది అమ్ముకోడానికి కాదు. నాకు తెలియకుండా ఉండడానికి. ఆయన పెకలోంగాన్ వెళ్లేవాడు. గలీహ్‌ని చూడ్డానికి."

ఆ పేరు ఆ బల్ల మీద పడి మూడున్నరేళ్లయింది. సువార్ని కత్తెర కింద పెట్టింది.

"నీకు తెలీదా?"

"నిన్నే తెలిసింది. నా తోడు."

"ఎన్నాళ్లు వెళ్లాడు?"

"మొదట్నుంచీ."

అక్కడితో ఆపెయ్యొచ్చు. కాని సువార్ని దగ్గర సగం దాచడం పార్తినికి ఎన్నడూ చేతకాలేదు. "నేను కట్టిచ్చిన అన్నం వాడికి పెట్టేవాడు. నాకు తెలీకుండా, నా చేతి అన్నమే తిన్నాడు వాడు."

సువార్ని కళ్లు బల్ల చివరి ఖాళీ జాగా మీదికి పోయాయి. సుమీర్ అవ్వ కూర్చున్న జాగా. ఇప్పుడక్కడ ఎవరో కొత్తమ్మాయి కూర్చుంటోంది. తిండికి లేచి వెళ్లింది.

"నువ్వు మోసం చేశావనుకున్నాను పార్తినీ," అంది చివరికి. "రాత్రంతా అదే అనుకుంటూ పడుకున్నాను. అదే అయ్యుంటే బాగుండేది. నాలుగు రోజులు తిట్టుకుని, మళ్లీ నీతో మాట్లాడేదాన్ని."

"నేనేం చేశాను ఇందులో?"

"నువ్వేం చెయ్యలేదు. నాకు తెలుసు నువ్వేం చెయ్యలేదని." సువార్ని కళ్లు నిండాయి గాని మాట వణకలేదు. "అవ్వకి వండిపెట్టడానికి ఎవరూ లేరు. వారానికి రెండ్రోజులు నీ అన్నంలోంచే తినేది, గుర్తుందా? నీ చేతి అన్నం అంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఇప్పుడు నాకు వాడు గుర్తొస్తాడు. నేనేం చెయ్యను?"

మంగళవారం సువార్ని వేరే బల్లకి మారింది. ఎందుకని మేస్త్రీ అడిగితే, కళ్లు కనబడ్డం లేదు, కిటికీ దగ్గర వెలుతురుంటుంది అని చెప్పిందట. పార్తిని దగ్గరికి పద్దెనిమిదేళ్ల పిల్లని పంపారు. ఆ పిల్ల కత్తెర తొందరపడేది. ఆ రోజు పార్తిని చుట్టినవాటిలో సగం చెడ్డాయి.

*

బుధవారం ఫ్యాక్టరీ నుంచి వస్తూ పార్తిని గేదెమాంసం కొంది. ఇంటికి రాగానే పొయ్యి వెలిగించి, కొబ్బరిపాలలో సన్నసెగ మీద పెట్టింది. మిరపకాయలు నూరింది. తెంపే ముక్కలు కోసింది. టేకాకులు కడిగి, తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ఇదంతా ఎందుకు చేస్తోందో ఆమెని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేది. క్షమించిందా అంటే లేదు. అవ్వ వీపు ఇంకా కళ్ల ముందే ఉంది. కాని మూడు రాత్రులుగా ఇంకో సంగతి కూడా నిద్ర పట్టనివ్వడం లేదు. కారం తక్కువైతే, అమ్మకి ఒంట్లో బాలేదా అని అడిగాడట. తను వాడు లేడనుకుని బతికిన ఆ మూడున్నరేళ్లూ, పదిహేను రోజులకోసారి వాడు తన ఒంట్లో ఎలా ఉందో అన్నం రుచి చూసి తెలుసుకుంటున్నాడు.

త్రియోనో పొద్దుగూకే వేళకి దుకాణం కట్టేసి వచ్చాడు. గుమ్మంలోనే వాసన తగిలి ఆగాడు. పేర్చిన ఆకులు చూశాడు.

"ఎవరైనా వస్తున్నారా?"

"రేపు గురువారం."

"ఊ."

"తెల్లారుజామునే వెళ్దాం. నేనూ వస్తాను." మాంసం గరిటెతో కలుపుతూ, పొయ్యిలోకే చూస్తూ చెప్పింది. "వాడితో మాట్లాడతానని కాదు. అన్నం పెట్టి వచ్చేస్తాను. ఒక్కటి అడగాలి. ఆవిడ మన సుమీర్ అవ్వ అని తెలిసే లాగాడా, తెలీక లాగాడా. అది అడిగి వచ్చేస్తాను. బండి మీద అంత దూరం నేను కూర్చోగలనా?"

ఆమె తల తిప్పి చూసింది.

"మిమ్మల్నే. గలీహ్ నాన్నా."

మూడున్నరేళ్ల తర్వాత ఆ పిలుపు విని త్రియోనో చెప్పులు విడిచి గోడ పక్కన కూర్చున్నాడు.

"వాడక్కడ లేడు," అన్నాడు.

గరిటె ఆగింది.

"ఆగస్టులో వదిలేశారు. జెండా పండక్కి శిక్ష తగ్గించారు కొంతమందికి. వాడి పేరూ వచ్చింది."

"ఆగస్టు." ఆమె వేళ్ల మీద లెక్కపెట్టినట్టు అంది. "ఇప్పుడు డిసెంబరు."

"ఊ."

"నాలుగు నెలలు. ఏడి మరి?"

"తెలీదు."

"తెలీదంటే?"

త్రియోనో తన అరచేతులతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పాడు. "నేనే వెళ్లి తీసుకొచ్చాను. దారి పొడుగునా వాడు ఒక్కటే అడిగాడు, అమ్మ కొడుతుందా అని. కొడితే కొట్టించుకుందువు గానిలే అన్నాను. నవ్వాడు. సెమరాంగ్‌లో ఆగి తల దువ్వుకున్నాడు. ఆ రోజు నట్టు బిగించే ఉంచాను. ఎలాగూ ఇంటికే తెస్తున్నాను కదా, ఇక దాచేదేముందనుకున్నాను. నువ్వప్పటికి మీటరు చూడడం ఎప్పుడో మానేశావు."

"ఇంటికి తెచ్చారా?"

"సందు మొదట దాకా తెచ్చాను. నువ్వు కుళాయి దగ్గర కూర్చునున్నావు. పక్కన ఎవరో ఆడమనిషి. నేను ఇంజను ఆపేశాను, ఒక్క నిమిషం ఊపిరి తీసుకుందామని. ఆవిడ నిన్ను అడిగింది, పిల్లలెంతమందని."

మాంసం అడుగంటుతున్న వాసన వస్తోంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"పుట్టలేదన్నావు," అన్నాడు త్రియోనో. "మాకు పిల్లలు పుట్టలేదమ్మా అన్నావు. వాడు నా వీపు మీద చెయ్యి వేసి, తిప్పు నాన్నా అన్నాడు. నేను తిప్పలేదు. మళ్లీ అన్నాడు. బస్టాండులో దింపమన్నాడు. దింపాను. ఏ బస్సు ఎక్కుతాడో చూద్దామని నిలబడితే, ముందు నువ్వెళ్లు నాన్నా, నువ్వెళ్తేగాని నేను కదలనన్నాడు. వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఎన్ని బస్సులో. ఫోను లేదు, ఉత్తరం లేదు. ఆ నెలా, ఆపై నెలా గురువారాలు వెతికాను. సెమరాంగ్ రేవులో వెతికాను, ఇళ్లు కట్టేచోట్ల వెతికాను. వానలు పట్టాక మానేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను?"

పార్తిని ఆ రోజును వెతుక్కుంది. కుళాయి గట్టు, బిందె, పక్కన ఆడమనిషి. ఎవరామె? కొత్తగా అద్దెకొచ్చినావిడా? ఆమెతో అంది ఆ మాట. కూరలమ్మే ఆమెతోనూ అంది. జనాభా లెక్క రాసుకోడానికి వచ్చిన అబ్బాయితో అంది. ఆసుపత్రిలో చీటీ రాసే పిల్లతో అంది, బస్సులో పక్కన కూర్చున్న పేరు తెలియని మనిషితో అంది. మొదటిసారి అన్నప్పుడు నాలుక మొద్దుబారింది. తర్వాత అలవాటైపోయింది. అందులో ఏ రోజుది, ఏ నోటితో అన్నది, వాడి చెవిన పడింది? ఎంత తవ్వినా ఆ ఒక్క సాయంత్రం ఆమెకి దొరకలేదు. కొడుకు ఇంటి ముందు దాకా వచ్చి వెళ్లిపోయిన రోజు, ఆమెకి అన్ని రోజుల్లాగే గడిచిపోయింది.

"అప్పుడు," అంది, "ఆ మాట అన్నప్పుడు, నేను నవ్వుతున్నానా?"

త్రియోనో లేచి, మాడిపోతున్న గిన్నెను గుడ్డతో పట్టుకుని పొయ్యి మీంచి దించాడు.

"గుర్తులేదు," అన్నాడు.

అతనికి గుర్తుందని పార్తినికి అర్థమైంది.